వాటర్‌గేట్ కుంభకోణం వేళ అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ఉపాధ్యక్షుడు ఫోర్డ్ ఏకాంతంగా మాట్లాడుకోగానే అధికారం మారిపోయిందా?

లేదు, 1974 ఆగస్టు 8న నిక్సన్ ఫోర్డ్‌ను ఓవల్ ఆఫీసుకు పిలిచి రాజీనామా సంగతి చెప్పినా, పదవి చేతులు మారింది మర్నాడే. అమెరికా చట్టం ప్రకారం అధ్యక్షుడు సంతకం చేసిన రాజీనామా లేఖ విదేశాంగ మంత్రి కార్యాలయానికి చేరాలి; ఉపాధ్యక్షుడికి చెప్పిన నోటిమాట చెల్లదు. 9వ తేదీ ఉదయం 11:35కి ఆ ఒక్క వాక్యపు లేఖ విదేశాంగ మంత్రి కిసింజర్‌కు అందింది, మధ్యాహ్నం ఫోర్డ్ ప్రమాణం చేశారు.

మన దగ్గరా ఇంతే అనుకుని గుంటూరు బ్రాడీపేటలో గ్రూప్స్‌కు చదివేవాళ్లు మార్కు పోగొట్టుకునేది ఇక్కడే. మన రాష్ట్రపతి రాజీనామా ఇవ్వాల్సింది ఉపరాష్ట్రపతికే (56వ అధికరణ). పైగా ఫోర్డ్ మిగిలిన పదవీకాలమంతా అధ్యక్షుడే. మన ఉపరాష్ట్రపతిది మాత్రం తాత్కాలిక బాధ్యత, ఆరు నెలల్లోపు ఎన్నిక జరగాలి. 1969 మేలో జాకిర్ హుస్సేన్ మరణించాక వి.వి. గిరి చేపట్టింది ఆ తాత్కాలిక బాధ్యతే.