విమానం మీద సంతకం ఎవరు పెట్టాలి? ఏఎంఈ (ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) చదువు గురించి ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌ని. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. విమానాలు రిపేరు చేసే ఇంజినీర్ని అవుతానని పట్టుబట్టింది. ఏరోనాటికల్ బీటెక్ చేస్తే విమానాన్ని ఓకే చేసి సంతకం పెట్టే అధికారం వస్తుందని ఒక కాలేజీవాళ్ళు చెప్పారు. ఇంకో సంస్థ రెండేళ్ళ కోర్సు చాలంటోంది. ఎవరి మాట నమ్మాలి? సంతకం పెట్టిన విమానానికి ఏమైనా అయితే పిల్ల జైలుకెళ్ళాల్సి వస్తుందేమోనని మా ఆవిడకు ఒకటే టెన్షన్. (కరీంనగర్ జిల్లా నుంచి ఒక తండ్రి)

జవాబు: ఇద్దరూ మీకు సగం సంగతే చెప్పారండీ. ఏరోనాటికల్ బీటెక్ మంచి చదువే. కాకపోతే అది ఎక్కువగా విమానం డిజైను, తయారీ వైపు తీసుకెళ్తుంది. ఒక్క ఆ పట్టాతో విమానంలో చిన్న లైటు మార్చి ‘ఇక ఎగరొచ్చు’ అని సంతకం పెట్టడానికి కూడా నిబంధనలు ఒప్పుకోవు. రెండేళ్ళ కోర్సు సరైన దారే, కానీ అది మొదటి మజిలీ మాత్రమే. చివర్లో చేతికొచ్చేది కోర్సు సర్టిఫికెట్, సంతకం పెట్టే హక్కు కాదు. ఈ తేడా తెలియక లక్షలు కట్టి, మూడేళ్ళ తర్వాత నా ముందు తలవంచుకుని కూర్చున్న పిల్లల్ని చూశాను. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ముందు అసలు ఆ సంతకం ఏమిటో చూద్దాం. విమానం మీద మెయింటెనెన్స్ పని ఏది జరిగినా, అది మళ్ళీ ఎగిరేలోపు ‘సర్టిఫికెట్ ఆఫ్ రిలీజ్ టు సర్వీస్’ ఇవ్వాలి. హ్యాంగర్లో, అంటే విమానాలు రిపేరు చేసే షెడ్డులో, అందరూ సీఆర్ఎస్ అంటారు. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 60వ నిబంధన ఈ ధ్రువీకరణ గురించి, 61వది ఇంజినీర్ల లైసెన్సు గురించి చెప్తాయి. వాటిని నడిపించేది పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ. లైసెన్సులకు కార్-66 (కార్ అంటే సివిల్ ఏవియేషన్ రిక్వైర్‌మెంట్స్), శిక్షణ సంస్థలకు కార్-147, మరమ్మతు సంస్థలకు కార్-145 అని దాని నియమావళులున్నాయి. ఈ మూడు నంబర్లూ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, రేపు కాలేజీల చుట్టూ తిరిగేటప్పుడు పనికొస్తాయి.

మీ డిపోలో డ్రైవరు బండి దిగి కంప్లయింట్ రాస్తాడు, మీరు చూసి సరిచేస్తారు. ఇక్కడా మొదలు అలాగే ఉంటుంది. రాత్రి ఒంటిగంటన్నరకు విమానం బేలోకి, అంటే నిలిపే చోటికి, వచ్చి ఆగిందనుకోండి. ల్యాండింగ్ లైటు ఒకటి వెలగలేదని కెప్టెన్ టెక్ లాగ్‌లో, అంటే లోపాలు రాసే పుస్తకంలో, రాశారు. ఇంజినీరు అనుభవం మీద ఆధారపడి చెయ్యి పెట్టకూడదు. ఆ విమానానికి చెందిన మాన్యువల్లో ఆ పనికి ఏ నంబరుందో వెతికి, తాజా సవరణలతో ఉన్న పేజీ తీసి, అందులో ఎలా రాసి ఉందో అలాగే చేయాలి. స్టోర్స్ నుంచి వచ్చిన భాగానికి దాని సర్టిఫికెట్ ఉండాలి. పాత భాగం నంబరు, కొత్తదాని నంబరు, చేసిన పని, టెస్టు ఫలితం అన్నీ రాయాలి. తెచ్చిన పనిముట్లన్నీ తిరిగి లెక్క సరిపోవాలి, తీసిన ప్యానెళ్ళన్నీ బిగించి ఉండాలి. అప్పుడు తేదీతో, తన ఆథరైజేషన్ నంబరుతో సంతకం. ఒక్క టార్చిలైటు లెక్క తేలకపోయినా అది దొరికేదాకా విమానం కదలదు.

మార్చాల్సిన భాగం స్టోర్స్‌లో లేకపోతే? అప్పుడు ఎంఈఎల్ అనే జాబితా చూస్తారు. ఏది పనిచేయకపోయినా, ఏ షరతుల మీద, ఎన్నాళ్ళు ఎగరనివ్వొచ్చో అందులో ఉంటుంది. లోపాలకు వర్గాలుంటాయి: బీ వర్గం లోపాన్ని 3 రోజుల్లో, సీ వర్గం లోపాన్ని 10 రోజుల్లో సరిచేయాలి. జాబితాలో లేని ముఖ్యమైన లోపమైతే సరిచేసేదాకా విమానం నేల మీదే.

ఆ సంతకం దాకా చేరాలంటే మూడు మెట్లున్నాయి.

మొదటిది లైసెన్సు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌తో ఇంటర్ పాసైతే చాలు, మీ అమ్మాయికి ఆ అర్హత వస్తుంది. ఇక లైసెన్సు వర్గం ఎంచుకోవాలి (ఇందాకటి లోపాల వర్గాలు వేరు, ఇవి వేరు). జెట్ విమానాల ఇంజిను, బాడీ, యంత్ర భాగాలు, కరెంటు పని అంటే బీ1.1. రేడియో, నావిగేషన్, ఆటోపైలట్ లాంటి ఎలక్ట్రానిక్ వ్యవస్థలంటే బీ2. ‘ఏ’ (A) వర్గం లైసెన్సువాళ్ళు చిన్న పనులకే, అదీ స్వయంగా చేసినవాటికే సంతకం పెట్టగలరు. సీ వర్గం చాలా పైది, హ్యాంగర్లో వారాలపాటు జరిగే పెద్ద చెకప్ తర్వాత మొత్తం విమానాన్ని విడుదల చేసేవారిది. మీ అమ్మాయి దృష్టి ఇప్పుడు బీ1.1, బీ2ల మీద ఉంటే చాలు. సబ్జెక్టులు మాడ్యూళ్ళుగా ఉంటాయి. గణితం, ఎలక్ట్రానిక్స్ దగ్గర్నుంచి హ్యూమన్ ఫ్యాక్టర్స్ (మనుషులు ఎందుకు పొరబడతారో చెప్పేది), విమానయాన చట్టం దాకా. పరీక్షలు పెట్టేది డీజీసీఏ సొంత పరీక్షల విభాగం, ప్రతి మాడ్యూల్లో 75 శాతం రావాలి. 35కి పాస్ అలవాటైన పిల్లలు ఇక్కడే తడబడతారు.

పరీక్షలన్నీ పాసైనా లైసెన్సు వెంటనే రాదు. కార్-147 ఆమోదం ఉన్న కోర్సు చేసినవారికి, ఎగురుతున్న విమానాల మీద 2 ఏళ్ళ పని అనుభవం ఉండాలి. అలాంటి సాంకేతిక శిక్షణ ఏదీ లేకుండా వచ్చేవారికి అది 5 ఏళ్ళు. ఆమోదం ఉన్న సంస్థలోనే చేరమని నేను పోరేది ఇందుకే. పుస్తకాలు ఇంట్లో కూర్చుని చదవొచ్చు, విమానాన్ని ఇంటికి తెచ్చుకోలేం కదా.

రెండో మెట్టు టైప్. ఎయిర్‌బస్ ఏ320 మీద శిక్షణ తీసుకున్నవారు బోయింగ్ 737 మీద సంతకం పెట్టలేరు. ఒక్కో రకం విమానానికి విడిగా శిక్షణ పొంది, పరీక్ష రాసి, ఆ పేరు లైసెన్సు మీద ఎక్కించుకోవాలి.

మూడోది కంపెనీ ఆథరైజేషన్. కాలేజీలు ఎక్కువగా దాటేసేది ఇదే. లైసెన్సు, టైప్ రెండూ ఉన్నా, కార్-145 ఆమోదం ఉన్న సంస్థ తన తరఫున రిలీజు చేయమని రాతపూర్వకంగా అధికారం ఇస్తేనే ఎయిర్‌లైన్ విమానం మీద సంతకం చెల్లుతుంది. దానికి 21 ఏళ్ళు నిండాలి. అంతకుముందు రెండేళ్ళలో కనీసం ఆరు నెలల పని అనుభవం చూపాలి, ఎప్పటికప్పుడు రిఫ్రెషర్ శిక్షణ తీసుకుంటూ ఉండాలి. ఉద్యోగం మారితే పాత సంస్థ ఇచ్చిన అధికారం అక్కడే ఆగిపోతుంది. ఇంటర్ తర్వాత ఇవన్నీ పూర్తయ్యేసరికి ఐదారేళ్ళు పడుతుందనుకుని ఇంటి లెక్కలు వేసుకోండి. మొదట్లో ట్రైనీగా, టెక్నీషియన్‌గా పని ఉంటుంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకని మీ అమ్మాయి అడిగితే ఈ సంగతి చెప్పండి. 1990 జూన్ 10న బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మాలగాకు బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం బయల్దేరింది. 17,300 అడుగుల ఎత్తులో కాక్‌పిట్ ముందు అద్దం ఊడిపోయింది. ఆ గాలికి కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ నడుము దాకా బయటకు లాగేయబడ్డారు. సిబ్బంది ఆయన కాళ్ళు గట్టిగా పట్టుకుని ఆపుతుంటే, కో-పైలట్ అలస్టేర్ అచిసన్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించారు. కెప్టెన్‌తో సహా అందరూ బతికారు. దర్యాప్తులో తేలిందేమిటంటే, అంతకుముందే రాత్రి షిఫ్టులో ఆ అద్దం మార్చారు. దానికి 90 బోల్టులు. అందులో 84 ఉండాల్సిన మందం కంటే సన్నవి, తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. మిగతా ఆరు పొట్టివి. మార్చినాయన పెద్ద అనుభవజ్ఞుడు, షిఫ్టు మేనేజరు. పాత బోల్టును పక్కన పెట్టుకుని కంటితో జోడు చూసి ఏరుకున్నారు, పార్ట్స్ కేటలాగు చూడలేదు. పైగా ఆ పాత బోల్టులే తప్పు కొలతవి. పని ఆయనదే, సంతకమూ ఆయనదే. రెండో మనిషి చూడాలన్న నియమం ఆ పనికి అప్పట్లో లేదు.

మీరు ఎన్నో వేల బోల్టులు బిగించి ఉంటారు. ఆ మేనేజరు మీద నాకు కోపం రాదు. మంచి పనిమంతుడే ఆ రాత్రి అలా పొరబడ్డాడు. ఫ్లైట్ కంట్రోల్స్ (గాలిలో విమానాన్ని తిప్పే భాగాలు) లాంటి కీలకమైన పనుల్లో చేసినవారు కాక ఇంకో అర్హత ఉన్న మనిషి విడిగా చూసి సంతకం పెట్టాలని నిబంధన ఉన్నది, ఎంతటివారికైనా ఇలా జరగొచ్చు కాబట్టే.

ఇక మీ ఇంట్లోవాళ్ళ భయం గురించి. సంతకం పెట్టినంత మాత్రాన ఆ విమానానికి ఎప్పుడేం జరిగినా మీ అమ్మాయిదే పూచీ అని కాదు. సీఆర్ఎస్ మాటల్లోనే హద్దు ఉంది: ఫలానా పని నియమావళి ప్రకారం జరిగింది, ఆ పని వరకు విమానం సిద్ధం. ప్రమాదాలను దర్యాప్తు చేసే ఏఏఐబీ ఉద్దేశం కూడా మళ్ళీ జరగకుండా కారణం తెలుసుకోవడమే, ఎవరిమీదో నేరం మోపడం కాదు. కానీ చేయని పనికి, చూడని పనికి సంతకం పెడితే సంగతి వేరు. డీజీసీఏ లైసెన్సు సస్పెండు చేయొచ్చు, రద్దూ చేయొచ్చు. నిర్లక్ష్యం వల్ల ప్రాణాలు పోతే పోలీసు కేసు కూడా రావొచ్చు. కాబట్టి మీరు అడగాల్సింది ఇంకో ప్రశ్న. తెల్లవారుజామున నాలుగింటికి, గేటు దగ్గర ప్రయాణికులు నిలబడి ఉంటే, పైవాళ్ళు ‘పెట్టేయమ్మా, ఏం కాదు’ అంటే, ‘చూడకుండా పెట్టనండీ’ అనగలిగే పిల్లేనా? ఇంట్లో మీ మాటకు కూడా కారణం అడిగే పిల్లయితే సంతోషించండి. ఈ ఉద్యోగానికి ఆ గుణం కావాలి.

రాత్రి షిఫ్టులు తప్పవు. విమానాలు పగలంతా ఎగురుతాయి, లైన్ పని, అంటే ప్రయాణాల మధ్య విమానం ఆగినప్పుడు చేసే పని, చాలావరకు రాత్రే. ఆడపిల్లలు ఈ పనిలో బాగానే ఉన్నారు. అది ఆమెకు అడ్డమని నేననను. ఆమె నిద్ర, ఆరోగ్యం ఎలా చూసుకోవాలో మాత్రం ముందే మాట్లాడుకోండి. ఊరు దాటి ఎక్కడికో వెళ్ళాలన్న బెంగ కూడా అంత అక్కర్లేదు. శంషాబాద్‌లోనే జీఎంఆర్ ఏరో టెక్నిక్, ఎయిర్ ఇండియా ఇంజినీరింగ్ సర్వీసెస్ హ్యాంగర్లున్నాయి. లీప్ అనే రకం జెట్ ఇంజిన్లను సర్వీసు చేసే ఫ్రాన్స్ కంపెనీ సాఫ్రాన్ కేంద్రం 2025 నవంబరులో అక్కడే మొదలైంది.

ఫీజు కట్టేముందు డీజీసీఏ వెబ్‌సైట్లో కార్-147 ఆమోదం ఉన్న సంస్థల జాబితా మీరే తెరిచి చూడండి. పేరుంటే చాలదు. ఏ వర్గానికి ఆమోదం, ఎప్పటిదాకా ఉంది అన్నది చూడాలి. బీ1.1కి మాత్రమే ఆమోదమున్న చోట బీ2 చేర్చుకున్నారని ఆలస్యంగా తెలుసుకున్న ఒక అబ్బాయికి రెండేళ్ళు పోయాయి. ఆ రెండేళ్ళ పని అనుభవం ఎక్కడ ఇప్పిస్తారో, ఏ కార్-145 సంస్థతో ఒప్పందం ఉందో కాగితం మీద చూపించమనండి. ‘మా దగ్గర విమానం ఉంది’ అంటే సంతోషం, కానీ అది ఎగిరే విమానమా, షెడ్డులో పెట్టిందా అడగండి. ఆ ప్రశ్నకు నసిగితే లేచి వచ్చేయండి.

ఒక్క విషయంలో మాత్రం మీ ఇంట్లోనే పని మొదలుపెట్టొచ్చు. మాన్యువళ్ళన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. చదివి, అర్థం చేసుకుని, చేసింది అదే భాషలో రాయగలగడం లైసెన్సు షరతుల్లో ఒకటి. పరీక్షలయ్యాక ఒక ఆదివారం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఇంట్లో పాత మిక్సీయో, మీ బండి కార్బ్యురేటరో విప్పించండి. విప్పిన వరస, బిగించిన వరస, మిగిలిన స్క్రూల లెక్క ఇంగ్లీషులో రాయమనండి. మర్నాడు ఆ కాగితం ఒక్కటే చూసి మీరు అదే పని చేయగలిగారా లేదా నాకు రాయండి.