చిలికా చుట్టూ ఒక్కరోజు: టీచరమ్మ జవాబులు

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మాది బరంపురం. సంక్రాంతికి విశాఖ నుంచి మా తమ్ముడు, మరదలు, వాళ్ళ పిల్లలిద్దరూ వస్తున్నారు. మా అత్తగారికి 74 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పుట్టి పెరిగింది బరంపురంలోనే అయినా చిలికాని రైలు కిటికీలోంచి తప్ప చూడలేదట. పండుగ రోజు పొద్దున్నే బయల్దేరి సరస్సు చుట్టూ కారులో ఒక రౌండు కొట్టి, రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేద్దామని మావారి ప్లాను. రంభ, బాలుగావ్, టాంగీ మీదుగా సాతపడా చేరి, అక్కడ కారుని బల్లకట్టు ఎక్కించి, కృష్ణప్రసాద్, మాలూద్, పాలూరు మీదుగా వెనక్కి రావాలని. ఫోనులో మ్యాపు చూస్తే గుండ్రంగా బాగానే ఉంది. కుదురుతుందంటారా?
ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, కుదరదు. దారి ఉంది, బల్లకట్టూ ఉంది. మీవారు చూసిన మ్యాపులో తప్పేమీ లేదు. కుర్రాళ్ళు నలుగురు చీకటితో బయల్దేరి, ఎక్కడా దిగకుండా తిరిగితే రౌండు పూర్తవుతుంది కూడా. కానీ మీరు వెళ్తున్నది మీ అత్తగారికి చిలికా చూపించడానికి. రౌండు కొడితే ఆవిడకి చిలికా కనిపించదు. ఇది నాకు అనుభవం మీద తెలిసిన మాట.

చాలా ఏళ్ళ కిందట మా అన్నయ్య వాళ్ళతో కలిసి జీపులో సరిగ్గా మీరు రాసిన దారినే వెళ్ళాం. అమ్మ కూడా ఉంది. వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చోబెట్టాం, దిగడానికి వీలుగా ఉంటుందని. ఉత్తరంగా వెళ్తుంటే నీళ్ళన్నీ కుడి పక్కనే ఉంటాయన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. టాంగీ దాటాక పొలాలు, ఊళ్ళు, గతుకులు. అక్కడి నుంచి సరస్సు గంటల తరబడి కంటికి ఆనదు. సాతపడా చేరేసరికి బల్లకట్టు దగ్గర బళ్ళ వరస. మా వంతు రాకుండానే ఆ రోజుకి చివరి ట్రిప్పు వెళ్ళిపోయింది. వచ్చిన దారినే మళ్ళీ తిరిగాం. చీకట్లో అమ్మ రెండు మూడు సార్లు అడిగింది, "చిలికా ఇంకా రాలేదా అమ్మా?" అని. అప్పుడు మేము బాలుగావ్ దాటుతున్నాం. చిలికా పక్కనే ఉంది. ఇల్లు చేరేసరికి రాత్రి రెండు. ఆ తర్వాత అమ్మని మళ్ళీ తీసుకెళ్ళే రోజు రాలేదు.

అందుకే చుట్టూ తిరగడం మానేయండి. మన వైపు ఒడ్డు, అంటే గంజాం వంతెన నుంచి బర్కుల్ దాకా, అదొక్కటి చాలు. వెళ్ళిన హైవేనే తిరిగి వస్తారు. పొద్దున చూసిన నీళ్ళు సాయంత్రం వేరేగా ఉంటాయి, చూసిందే చూశామన్న విసుగు రాదు.

ఇంకో మాట. సంక్రాంతి రోజున మాత్రం వద్దు. ఆ రోజు కాళీజాయి దీవిలో మకర మేళా. పడవలన్నీ అటే పోతాయి, బర్కుల్ రేవులో కాలు పెట్టే చోటుండదు. మీ అత్తగారికి ఆ కథ తెలిసే ఉంటుంది. జాయి అనే ఆడపిల్లకి పరికుద్ దీవి సంబంధం కుదిరి పెళ్ళయింది. తండ్రి ఆమెని పడవలో అత్తారింటికి తీసుకెళ్తుంటే తుఫాను గాలికి పడవ బోల్తా పడింది. మిగతావాళ్ళు బతికారు, పిల్ల మాత్రం దొరకలేదు. ఆ జాయినే కాళీజాయి అమ్మవారిగా కొలుస్తారు. ఇవాళ్టికీ పడవ వాళ్ళు ఆమెకి దణ్ణం పెట్టుకోనిదే నీళ్ళలోకి దిగరు. కనుమ కూడా వెళ్ళనిచ్చి, ఆ తర్వాత ఆదివారం కాని రోజు చూసుకోండి.

మావారు రైల్వేలో ఉండగా 1997 నుంచి నాలుగేళ్ళు రంభ స్టేషన్‌లో పనిచేశారు. క్వార్టర్స్‌లో కాపురం. నేను వారానికోసారి బరంపురం నుంచి వెళ్ళేదాన్ని, సెలవులంతా అక్కడే. అప్పుడు తెలిసింది, చిలికా పొద్దుటి పూట ఒకటి, మధ్యాహ్నం దాటాక ఇంకొకటి అని. పొద్దున నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉంటాయి. మధ్యాహ్నం గాలి లేస్తుంది. మార్చి వచ్చిందంటే దక్షిణపు గాలి ఇంకా ఎక్కువ, పడవ ఒక పక్కకి ఒరుగుతూ పోతుంది. లోతు చాలా చోట్ల మనిషి లోతుకి అటూ ఇటూ ఉంటుంది, అంతే. లోతు తక్కువ కాబట్టే కొద్దిపాటి గాలికీ అల లేస్తుంది. కాబట్టి పడవ పని ఏదైనా పొద్దున పదిన్నరలోపు అయిపోవాలి.

ఇక మీ రోజు. తెల్లవారుజామున ఐదున్నరకి బయల్దేరండి. అంతకు ముందొద్దు. జనవరిలో ఋషికుల్య దాటాక మంచు దట్టంగా దిగుతుంది, హైవే నిండా లారీలు. ఛత్రపురం, గంజాం దాటి హుమ్మా వచ్చేసరికి వెలుగు పడుతుంది. ఉప్పు మళ్ళు కనిపిస్తాయి. అక్కడ ఆగక్కర్లేదు, బండి నెమ్మది చేసి పిల్లలకి చూపిస్తే చాలు. అత్తగారిని వెనక కుడి పక్క కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. వచ్చేటప్పుడు ఎడమ పక్కకి మార్చండి. ఏడుగురు కదా, పెద్ద బండి మాట్లాడుకోండి. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని అంత దూరం వెళ్తే పెద్దావిడకి కాలు చాపుకునే చోటుండదు.

రంభలో పంథనివాస్, అంటే ఒడిశా టూరిజం వాళ్ళ హోటలు, ఉంది. ముందు అక్కడ బాత్‌రూమ్ పని చూసుకోండి. మళ్ళీ బర్కుల్ దాకా శుభ్రమైంది దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఆడవాళ్ళు ఇదొక్క కారణానికి పొద్దుటి నుంచీ మంచినీళ్ళు తాగడం మానేసి, మధ్యాహ్నానికి తలనొప్పి తెచ్చుకుంటారు. రోడ్డు పక్క ఒడియా హోటల్లో వేడి బరా (మన గారెల్లాంటివి), ఘుగుని (బఠాణీ కూర) తినండి. ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్తే మరీ మంచిది.

పడవ విషయంలో ఒకటే ఎంచుకోవాలి. రంభ దగ్గర ఎక్కితే రంభ, బర్కుల్ దగ్గర ఎక్కితే కాళీజాయి. రెండూ పెట్టుకోవద్దు. బర్కుల్ నుంచి కాళీజాయి నీటి మీద సుమారు 8 కిలోమీటర్లు, మామూలు మోటారు పడవలో రానూ పోనూ పూట గడిచిపోతుంది. అత్తగారికి అమ్మవారి దర్శనం కావాలని మనసుంటే అదే చెయ్యండి, అప్పుడు రంభలో టీ తాగి ముందుకి వెళ్ళిపోవాలి. దర్శనం పట్టింపు లేకపోతే, నన్నడిగితే, రంభే మంచిది. అక్కడ సరస్సు కొండల మధ్య మూలకి ఒదిగి ఉంటుంది, గాలి తక్కువ. ఘంటశిల కొండ కింద నీళ్ళ మధ్యలో ఒక బండ మీద గది, దాని మీద మొన తేలిన స్తంభం కనిపిస్తాయి. కంపెనీ రోజుల్లో గంజాం కలెక్టరుగా ఉన్న స్నోడ్‌గ్రాస్ కట్టించింది అది. పైన దీపం పెట్టేందుకు. ఇంకాస్త లోపలికి వెళ్తే బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్, ఖల్లికోట రాజుగారు కట్టించిన బంగళా శిథిలాలు.

ఎక్కే ముందు పడవ మొత్తం మీదే అని, ఎన్ని గంటలని, ఏయే చోట్లకని మాట తేల్చుకోండి. లైఫ్ జాకెట్లు పిల్లలకి సరిపోయే సైజులో ఉన్నాయో లేదో రేవులోనే తొడిగి చూడండి. ఒకసారి మా స్కూలు పిల్లల్ని తీసుకెళ్తే ఒక పడవతను పెద్దవాళ్ళ జాకెట్లు ఇచ్చి పర్వాలేదన్నాడు. చిన్నపిల్లకి అది మెడలోంచి జారి వచ్చేసింది. నేను ఎక్కనివ్వలేదు. పిల్లలు ఏడ్చారు, అయినా ఎక్కనివ్వలేదు. వేరే పడవ దొరికేదాకా ఒడ్డునే కూర్చున్నాం.

మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళని పడవ ఎక్కించడం ఎలాగంటే, నిలబెట్టి కాలు లోపల పెట్టమనకూడదు. పడవ కదులుతుంది, భయపడి బిగుసుకుపోతారు. పడవని రేవుకి ఆనించి ఇద్దరు గట్టిగా పట్టుకోవాలి. ముందు ఆవిడని పడవ అంచు మీద కూర్చోబెట్టాలి, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పాలి. లోపల ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంటే దాని మీద పాదం ఆనుతుంది. దిగేటప్పుడూ అంతే. మా అత్తగారిని నేను ఇలాగే ఎక్కించాను. లోపల కూర్చున్నాక ఆవిడ చేసిన మొదటి పని, చెయ్యి నీళ్ళలో పెట్టి వేళ్ళు నాలిక మీద ఆనించి, "ఉప్పగా ఉందే!" అనడం. ఆ మొహం నాకు ఇంకా గుర్తే.

రంభ నుంచి బర్కుల్ దారి ఈ ప్రయాణం మొత్తంలో అందమైన ముక్క. ఎడమ పక్క కొండ, కుడి పక్క రైలు పట్టాలు, పట్టాల అవతల నీళ్ళు. ఇక్కడ నలభై దాటి నడపొద్దని మీవారికి చెప్పండి. బర్కుల్‌లో భోజనం చేసి, నీళ్ళు కనిపించే చోట అత్తగారిని ఒక గంట నడుం వాల్చనివ్వండి. తిరుగు దారిలో ఖల్లికోట దగ్గర నిర్మలఝర్ చూసుకోండి. విష్ణుమూర్తి గుడి, కొండ ఊట నీళ్ళు, చెట్ల నీడ. నారాయణి గుడి కూడా బాగుంటుంది గాని అక్కడ మెట్లున్నాయి, ఈసారికి వదిలేయండి. నాలుగున్నరకల్లా మళ్ళీ రంభ ఒడ్డున ఉండండి. సూర్యుడు మన వెనక కొండల మీదకి దిగుతుంటే, ఎదురుగా నీళ్ళ మీద కొండల నీడ మెల్లగా పాకుతూ దీవుల దాకా వెళ్తుంది. అది చూసి బండి ఎక్కితే ఏడింటికి బరంపురంలో ఉంటారు. టెన్షన్ ఉండదు.

ప్రశ్న: బర్కుల్‌లో పడవ ఎక్కితే డాల్ఫిన్లు కనిపిస్తాయా? మా పాప అదే పనిగా అడుగుతోంది.
ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: వాటి కోసమే అయితే సాతపడా వెళ్ళాలి బాబూ. సముద్రం నీళ్ళు వచ్చే పాయ దగ్గర అవి ఎక్కువ. పూరీ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, కాబట్టి జగన్నాథుడి దర్శనానికి వెళ్ళినప్పుడు కలుపుకోండి. ఇవి ఇరావడీ డాల్ఫిన్లు. టీవీలో చూసినట్టు ఎగిరి దూకవు, ముక్కు పొడుగ్గా ఉండదు, తల గుండ్రంగా ఉంటుంది. బూడిద రంగు వీపు ఒక్క క్షణం తేలి మునిగిపోతుంది. పాపకి ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్ళండి, అప్పుడు ఆ వీపు కనిపించినా కేక వేస్తుంది. పడవతను వాటి వెంట పడి తరుముతుంటే వద్దని గట్టిగా చెప్పండి. ఇంజను ఆపించి కూర్చుంటే వాటంతట అవే దగ్గరికి రావచ్చు.

అవి ఇంకా ఉన్నాయంటేనే నాకు సంతోషం. మేము రంభలో ఉన్న రోజుల్లో చేపల వాళ్ళ ఇళ్ళలో ఒకటే దిగులు. సముద్రపు పాయ ఇసుకతో పూడిపోయి ఉప్పునీరు రావడం తగ్గింది, ఉత్తరాన నాచు, తుంగ పెరిగిపోయాయి, వలలో చేప పడటం లేదు. 1981లో రామ్‌సార్ జాబితాకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకి, ఎక్కిన సరస్సుని 1993లో ప్రమాదంలో ఉన్నవాటి పట్టికలో చేర్చారు. 2000 సెప్టెంబరులో సాతపడా వైపు కొత్త మొగ తవ్వి సముద్రానికి దారి చేశాక ఉప్పు తిరిగి వచ్చింది, చేప తిరిగి వచ్చింది. 2002లో ఆ పట్టిక నుంచి పేరు తీసేశారు.

ప్రశ్న: వేసవి సెలవుల్లో వెళ్తే పక్షులు ఉంటాయా?
ఒక విద్యార్థిని, రాయగడ

జవాబు: వలస పక్షులు ఉండవమ్మా. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. నలబన దీవి పక్షుల అభయారణ్యం, దాని మీద కాలు పెట్టనివ్వరు, దూరం నుంచే చూడాలి. దగ్గరగా చూడాలంటే టాంగీ దగ్గర మంగళాజోడి వెళ్ళు. అక్కడ మోటారు లేని పడవని గెడతో నెట్టుకుంటూ తీసుకెళ్తారు. ఒకప్పుడు పక్షుల్ని వేటాడిన ఊరివాళ్ళే ఇప్పుడు వాటిని కాపాడుతున్నారు. ఏ పిట్ట ఎక్కడ దాక్కుంటుందో వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తెల్లవారేసరికి అక్కడుండాలి కాబట్టి ముందు రోజు రాత్రే వెళ్ళి పడుకోండి.

ప్రశ్న: బాలుగావ్‌లో పీతలు కొని ఇంటికి తెస్తే రెండుసార్లూ లోపల డొల్లే. ఎలా ఎంచాలి?
ఒక గృహిణి, గుణుపూర్

జవాబు: బతికున్నవే కొనాలి, అది మొదటిది. పీతని వెల్లకిలా తిప్పి, కాళ్ళు మొదలయ్యే చోట పొట్ట చిప్పని బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉంటే కండ ఉన్నట్టు. లోపలికి నొక్కుకుపోతే కొత్తగా కుబుసం విడిచింది, లోపల నీళ్ళే. రెండు పీతలు ఒకే సైజువి చెరో చేత్తో పట్టుకుని, బరువున్నది తీసుకోండి. రొయ్యలైతే తల ఒంటికి బిగిసి ఉండాలి, వేలాడకూడదు. గుణుపూర్ దూరం కదా, పీతల్ని ఐసులో ముంచేయకండి. తడి గోనెసంచి కప్పి, గాలి ఆడే బుట్టలో నీడన పెట్టండి. రొయ్యలకి మాత్రం ఐసు కావాలి. కిందొక పొర, పైనొక పొర. కరిగిన నీళ్ళు మధ్య దారిలో ఒకసారి వంపేయండి.