పంపని మెయిల్ తిరిగివస్తే

ప్రశ్న: సొంత డొమైన్ కొనుక్కుని, అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్‌లో పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పెట్టి, మా ఇంటిల్లిపాది మెయిల్ నేనే నడుపుతున్నాను. కొద్ది రోజులుగా, మీరు పంపిన మెయిల్ చేరలేదంటూ ఎక్కడెక్కడి సర్వర్ల నుంచో నోటీసులు కుప్పలుగా వచ్చిపడుతున్నాయి. ఆ మెయిళ్లు మాలో ఎవరమూ పంపినవి కావు. పంపినట్లు చూపుతున్న ‘సేల్స్’, ‘బిల్లింగ్’ వంటి చిరునామాలు మా డొమైన్‌లో అసలు లేనే లేవు. మా సర్వర్‌లోకి ఎవరైనా చొరబడ్డారా? ఇలాంటి నోటీసులన్నిటినీ గుమ్మంలోనే ఆపేయవచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: చొరబడ్డారో లేదో ఊహించనక్కరలేదు, ఆధారం ఆ నోటీసులోనే ఉంటుంది. పద్ధతి ప్రకారం తయారైన బౌన్స్ (మెయిల్ చేరలేదని తిరిగివచ్చే) నోటీసులో మూడు భాగాలుంటాయి: మనుషులు చదువుకోవడానికి ఒక వివరణ, యంత్రాలు చదవడానికి కోడ్‌లతో కూడిన నివేదిక, చివరన అసలు మెయిల్ గానీ కనీసం దాని హెడర్లు (పైన ఉండే వివరాల వరుసలు) గానీ. చాలామంది మొదటి భాగం దగ్గరే ఆగిపోతారు, మీకు కావలసింది మూడోది. అందులో ‘రిసీవ్డ్’ అని మొదలయ్యే వరుసలు, మెయిల్ ఏయే సర్వర్ల మీదుగా వచ్చిందో కింది నుంచి పైకి చెబుతాయి. కింది వరుసలను స్పామర్ కల్పించి ఉండవచ్చు గాని, నోటీసు పంపిన సర్వర్ తాను స్వయంగా చేర్చిన వరుసను నమ్మవచ్చు, ఎందుకంటే తనకు ఆ మెయిల్‌ను అప్పగించిన యంత్రం ఐపీ అడ్రసును అది అక్కడ నమోదు చేస్తుంది. ఆ ఐపీ మీది కాకుండా, ఆ వేళకు మీ మెయిల్ లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) ఆ గ్రహీత చిరునామా కూడా కనిపించకపోతే, మీ సర్వర్‌కు ఈ వ్యవహారంతో సంబంధం లేదని నిశ్చింతగా ఉండండి. ఐపీ మీదే అయితే మాత్రం లాగ్‌లో ఏ యూజర్ పేరుతో లాగిన్ అయి పంపారో వెతికి, ఆ పాస్‌వర్డ్‌ను ముందు మార్చి, ఆ తరువాతే క్యూలో (పంపడానికి వేచి ఉన్న వరుసలో) మిగిలిన చెత్తను తీసివేయండి. లాగిన్ జాడ లేకపోతే అదే సర్వర్‌లో ఉన్న వెబ్‌సైట్ కాంటాక్ట్ ఫారాన్ని అనుమానించాలి.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇది బ్యాక్‌స్కాటర్ (మీ పేరు పెట్టుకుని ఎవరో పంపిన మెయిల్‌కు మీ మీద వచ్చిపడే బౌన్స్‌లు) అనే అనిపిస్తోంది. 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 821 అనే ప్రమాణ పత్రంలో, సర్వర్ల మధ్య మెయిల్ పంపే ఎస్‌ఎంటీపీ పద్ధతిని నిర్దేశించినప్పుడు, పంపినవారి చిరునామా నిజమైనదో కాదో పరీక్షించే ఏర్పాటు అందులో లేదు. పోస్టులో వెళ్లే ఉత్తరానికి కవరు మీద ఒక చిరునామా, లోపల ఒక సంతకం ఉన్నట్లే, మెయిల్‌కూ సర్వర్లు మాత్రమే చూసుకునే కవరు చిరునామా ఒకటి, మనకు కనిపించే ‘ఫ్రమ్’ ఒకటి వేరువేరుగా ఉంటాయి. బౌన్స్ వెళ్లేది కవరు మీది చిరునామాకు. స్పామర్ అక్కడ మీ డొమైన్ పేరు రాశాడు, మెయిల్‌ను ముందు తీసేసుకుని తరువాత తీరిగ్గా తిప్పి పంపే సర్వర్లు ఆ భారాన్ని మీ మీద వేశాయి.

లేని ‘సేల్స్’ చిరునామాకు వచ్చిన నోటీసు మీ ఇన్‌బాక్స్ దాకా రావడానికి కారణం మాత్రం మీ దగ్గరే ఉంది. మీ డొమైన్‌కు క్యాచ్-ఆల్ (ఏ పేరుకు వచ్చిన మెయిల్‌నైనా లోపలికి తీసుకునే ఏర్పాటు) పెట్టి ఉంటారు. ఏ చిరునామా మెయిల్ ఎవరికి వెళ్లాలో చెప్పే వర్చువల్ అలియాస్ పట్టికలో ముందు ఏ పేరూ లేకుండా ‘@’తో మొదలై డొమైన్ మాత్రమే ఉన్న వరుస కనిపిస్తే, దాన్ని తీసివేసి, ఇంట్లో వాడే చిరునామాలను మాత్రమే ఒక్కొక్కటిగా రాయండి. అప్పుడు లేని పేరుకు వచ్చే ఏ మెయిల్‌నైనా పోస్ట్‌ఫిక్స్ లోపలికి తీసుకోకుండానే 550 5.1.1 కోడ్‌తో తిప్పికొడుతుంది. ‘పోస్ట్‌మాస్టర్’ చిరునామా మాత్రం తప్పక ఉంచాలి, అది ప్రమాణాలు విధించిన నియమం. ఒక్కో షాపుకు ఒక్కో చిరునామా ఇచ్చే అలవాటు వల్ల క్యాచ్-ఆల్ పెట్టుకున్నవారు, పేరు తరువాత ‘+’ గుర్తు పెట్టి మరో పదం చేర్చే సౌకర్యాన్ని వాడుకుంటే ఆ పని జరిగిపోతుంది. నా మటుకు, చిన్న డొమైన్‌కు క్యాచ్-ఆల్ వల్ల వచ్చే లాభం కన్నా చికాకే ఎక్కువ.

ఇక నోటీసులన్నిటినీ ఆపేయడం గురించి. బౌన్స్‌కు మళ్లీ బౌన్స్ పుట్టి రెండు సర్వర్లు అంతులేకుండా కొట్టుకోకుండా, ఇలాంటి నోటీసులను పంపినవారి చిరునామా ఖాళీగా ఉంచి పంపాలన్నది నియమం. ఖాళీ చిరునామాతో వచ్చేవన్నీ తిరస్కరించమని సలహా ఇచ్చేవారు చాలామంది కనిపిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మీరు నిజంగా పంపిన మెయిల్ చేరకపోయినా ఆ సంగతి మీకు తెలియదు, పైగా మీ చిరునామా నిజమైనదో కాదో తేల్చుకోవడానికి ఖాళీ చిరునామాతో మీ సర్వర్‌ను పలకరించి చూసే కొన్ని సర్వర్లు మీ మెయిల్‌నే నిరాకరిస్తాయి.

దానికి బదులు, మీ డొమైన్ పేరుతో మెయిల్ పంపే అధికారం ఏ ఐపీలకు ఉందో చెప్పే ఎస్పీఎఫ్ రికార్డును ‘-ఆల్’తో (మిగతా ఐపీలకు ఆ అధికారం లేదని) ముగించి డీఎన్‌ఎస్‌లో (మీ డొమైన్ వివరాల పట్టికలో) పెట్టండి, మెయిల్ మీ డొమైన్‌దేనని రుజువు చేసే డీకిమ్ సంతకం చేర్చండి, ఆ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్‌ను మొదట ‘నన్’గా (ఏమీ చేయవద్దని) ఉంచి నివేదికలు చూసుకున్నాక ‘రిజెక్ట్’కు మార్చండి. వీటిని పాటించే సర్వర్లు దొంగ మెయిల్‌ను గుమ్మంలోనే కాదంటాయి కనుక మీకు నోటీసు పుట్టదు. పాటించనివి ఎప్పుడూ కొన్ని ఉంటాయి.

ప్రశ్న: మా డొమైన్‌కు వచ్చే మెయిల్‌ను మా అమ్మగారి జీమెయిల్‌కు ఫార్వర్డ్ చేస్తున్నాను. కొన్ని మెయిళ్లు 550 5.7.26 అనే కోడ్‌తో తిరస్కారానికి గురవుతున్నాయి. నా తప్పేమిటి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పంపినవారెవరో రుజువు కాలేదని ఆ కోడ్ అర్థం. బ్యాంకు పంపిన మెయిల్‌ను మీరు యథాతథంగా ముందుకు తోసినప్పుడు, జీమెయిల్‌కు కనిపించేది మీ ఐపీ, అది బ్యాంకు ఎస్పీఎఫ్ రికార్డులో ఉండదు. అసలు పంపినవారి డీకిమ్ సంతకం ఉండి, మీరు సబ్జెక్టును గానీ లోపలి పాఠాన్ని గానీ మార్చకుండా ఉంటే గండం గడుస్తుంది. సంతకం లేనివి చిక్కుకుంటాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో పట్టు బిగించింది. కవరు చిరునామాను మీ డొమైన్‌కు మార్చి రాసే ఎస్‌ఆర్‌ఎస్ అనే పద్ధతి కొంత ఉపశమనం ఇస్తుంది.

అంతకన్నా నన్ను కలవరపెట్టేది మరొకటుంది. మీరు లోపలికి తీసుకున్న స్పామ్‌ను జీమెయిల్ కాదన్నప్పుడు, మీ సర్వర్ ఆ నోటీసును కవరు మీదున్న దొంగ చిరునామాకు పంపుతుంది. అంటే పై ప్రశ్న రాసిన పాఠకుడికి ఎదురైన ఇబ్బందినే మీరు ఇంకొకరికి కలిగిస్తున్నారు. స్పామ్ పరీక్షను మెయిల్ క్యూలో చేరకముందే జరిగేలా, ఆర్‌స్పామ్‌డీ అనే స్పామ్ వడపోత సాఫ్ట్‌వేర్ వంటిదాన్ని మిల్టర్‌గా (మెయిల్ వస్తుండగానే పరీక్షించే అనుబంధంగా) అమర్చండి. అమ్మగారికి ఫార్వర్డింగ్ మానేసి, ఫోన్‌లోని మెయిల్ యాప్‌లో మీ సర్వర్ ఖాతానే ఐమ్యాప్ (మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి చదివే పద్ధతి) ద్వారా పెట్టివ్వగలిగితే ఇంకా మేలు.

ప్రశ్న: మెయిల్ ఆలస్యమవుతోందని నోటీసు వస్తే మళ్లీ పంపాలా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అక్కరలేదు. కోడ్ 4తో మొదలైతే అది తాత్కాలికమైన అడ్డంకి, మీ సర్వరే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజుల పాటు ఆ ప్రయత్నం మానదు. ఈలోగా మీరు మరోసారి పంపితే అవతలివారికి రెండూ చేరతాయి. 5తో మొదలైతే అది తుది తిరస్కారం కనుక, చిరునామాలో అక్షరం తప్పిందేమో, మీ ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీని బట్టి సర్వర్ పేరు చెప్పే రికార్డు) సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాకే తిరిగి పంపండి.