ఊరి పేరున గాలిమర పెట్టాలనుకుంటున్న సర్పంచ్ అమ్మాయికి

అమ్మా, ఆశీస్సులు.

చుట్టూ కొండల మీద కంపెనీల గాలిమరలు తిరుగుతున్నా మన ఊరికి లీజు డబ్బులు తప్ప దక్కేదేమీ లేదని నువ్వు బాధపడటంలో న్యాయముంది. ఊరే గాలిమర కొనుక్కోవచ్చు. కోయంబత్తూరు జిల్లా ఓడందురై పంచాయతీ 2006లో 350 కిలోవాట్ల మిషను కొన్నది. ఖర్చు రూ.1.55 కోట్లు. అందులో 40 లక్షలు పంచాయతీ కూడబెట్టుకున్నవి, మిగతాది బ్యాంకు అప్పు. అయితే ఆ గాలిమర ఉన్నది వాళ్ల ఊళ్లో కాదు. గాలి బాగా వీచే ఉడుమలపేట వైపు పెట్టి, కరెంటును బోర్డు లైన్లకు ఎక్కించారు. మన పొలిమేరలోనే ఉండాలన్న పట్టుదల నువ్వు కూడా వదులుకో.

గాలి కాస్త తగ్గినా రాబడి బాగా పడిపోతుంది. సెకనుకు 5 మీటర్ల గాలి కంటే 6 మీటర్ల గాలిలో 73 శాతం ఎక్కువ శక్తి ఉంటుంది. గుట్టెక్కితే పైట నిలవడం లేదని చోటు ఖాయం చేయొద్దు. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ మ్యాపులు చూసి, మాస్టు, అంటే గాలిని కొలిచే స్తంభం వేయించి, ఏడాది పొడుగునా కొలిపించు. మన వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచేదే అసలు గాలి. ఆ నాలుగు నెలల లెక్క చూపించి ఏడాదికి అంచనా కట్టేవాళ్లను నమ్మకు.

ఉదాహరణకు ఓడందురై లాంటి 350 కిలోవాట్ల మిషను ఏడాదంతా నిండుగా తిరిగితే 30.66 లక్షల యూనిట్లు. అందులో 22 శాతం, అంటే 6.75 లక్షలే వస్తాయనుకుని అప్పు లెక్క వేసుకో. ఇంకా ఎక్కువొస్తుందని ఎవరైనా అంటే, అదే గుట్ట మీది మిషన్ల మూడేళ్ల మీటరు రీడింగులు చూపించమను. నెలనెలా సమాన కంతులకు బ్యాంకులో సంతకం పెట్టకు. గాలి నెలల్లో ఎక్కువ, చలికాలంలో తక్కువ కట్టేలా రాయించు. లేకపోతే అప్పు మొండిబాకీ అయ్యే ప్రమాదం ఉంది.

ఇప్పుడు కొత్తగా వచ్చే మిషన్లు 2, 3 మెగావాట్లవి, ఒక్క ఊరి తాహతుకు మించినవి. నాలుగైదు పంచాయతీలు కలవాలి. చవకగా వస్తుందని పాత చిన్న మిషను కొంటే విడిభాగాలు దొరక్క నెలల తరబడి ఆగిపోతుంది.

రైతుల మోటార్లకు ఉచిత కరెంటే కాబట్టి అక్కడ మిగిలేదేమీ లేదు. ఆదా అయ్యేది పంచాయతీ కట్టే బిల్లుల్లోనే. తాగునీటి మోటార్లు, వీధిదీపాల సర్వీసు నంబర్లు, ఏడాది బిల్లులు ముందేసుకుని కూర్చో. మిగిలిన యూనిట్లు డిస్కం, అంటే కరెంటు పంపిణీ కంపెనీ, ఏ రేటుకు కొంటుంది, గాలికాలం యూనిట్లు వేసవికి దాచుకోనిస్తుందా, వాళ్ల లైన్ల మీద మన కరెంటు మోసినందుకు తీసుకునే వీలింగ్ ఛార్జీ ఎంత అన్నవి కాగితం మీద చేతికొచ్చాకే అడ్వాన్సు ఇవ్వాలి.

జనం దగ్గర వాటాలు తీసుకుంటే 1995 చట్టం కింద పరస్పర సహాయక సహకార సంఘంగా రిజిస్టర్ చేయించు. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. ఒక్కరికి ఇన్ని వాటాలకు మించకూడదని బైలాలో రాయకపోతే కాంట్రాక్టర్లే కొనేస్తారు. భూమి లేనివాళ్లు పొదుపు సంఘం ద్వారా కొద్దికొద్దిగా కట్టే వీలుండాలి. వాళ్లు లేనిది ఊరి గాలిమర అవదు. సొంత వాడకం, అంటే క్యాప్టివ్ కింద లెక్కకు రావాలంటే కరెంటు వాడేవాళ్లకు కనీసం 26 శాతం వాటా ఉండాలి, ఉత్పత్తిలో 51 శాతం వాళ్లే వాడాలి. చోటు డి.పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే ఆ రైతుతో సొంతంగా రాసుకున్న కాగితం చెల్లకపోవచ్చు. ముందు తహసీల్దారు ఆఫీసులో కనుక్కో.

మెయింటెనెన్సు ఒప్పందంలో "95 శాతం అవైలబిలిటీ", అంటే అంత సమయం మిషను తిరగడానికి సిద్ధంగా ఉంటుందని రాసి ఉంటే అంతటితో సరిపెట్టుకోకు. గాలి లేని నెలల్లో బాగుండి, జూలైలో పది రోజులు ఆగినా ఆ అంకె నిలుస్తుంది, నష్టం మాత్రం మనది. పోయిన యూనిట్లకు పరిహారం కట్టేలా రాయించు. గేర్‌బాక్సు పోతే దాని ఖర్చుకు తోడు క్రేను బాడుగ. పైన చెప్పిన 6.75 లక్షల యూనిట్లలో ఒక్కోదానికి అర్ధ రూపాయి చొప్పున వేరే ఖాతాలో వేస్తే ఏడాదికి 3.37 లక్షలు జమవుతాయి. సర్పంచ్ ఒక్కరి సంతకంతో ఆ ఖాతాలోంచి డబ్బు తీసే వీలుండకూడదు.

టవరు మొదట్లో భూమిలోకి దిగే ఎర్తింగ్ రాగి పట్టీని దొంగలు కోసుకుపోతారు. అది లేకపోతే పిడుగు పడ్డప్పుడు రెక్క చీలిపోవచ్చు. ఏటా మే నెలలో ఎర్తు టెస్టరు పెట్టి చూపించు, 10 ఓమ్‌ల లోపే ఉండాలి. కాపలా మనిషి రోజూ ఆ పట్టీని కళ్లతో చూసి రిజిస్టరులో రాయాలి.