మీరడిగారు: ఊరంతా ఒకటే ఇంటిపేరు

ప్రశ్న: చైనాలో ఊరు మొత్తం ఒకే ఇంటిపేరు వాళ్లుండే పల్లెలు ఉన్నాయంటారు, నిజమేనా? మరి పెళ్లిళ్లు ఎలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

నిజమేనండీ, దక్షిణ చైనాలో ఇలాంటివి చాలా ఎక్కువ. పెళ్లి సంగతి ముందు చెప్పేస్తాను. మన దగ్గర ఒకే ఇంటిపేరైతే సంబంధం కలుపుకోనట్టే అక్కడా పాత కట్టుబాటు ఉండేది, రాజుల కాలపు చట్టంలో కూడా రాశారు, కాబట్టి కోడళ్లంతా బయటి ఊళ్లవాళ్లే.

ఉదాహరణకి ఆన్‌హుయి రాష్ట్రంలో హువాంగ్‌షాన్ కొండల దగ్గరున్న హోంగ్‌సున్ తీసుకోండి. వాంగ్ వంశం వాళ్లు 1131లో అక్కడ స్థిరపడ్డారు. ఊరు పడుకున్న ఎద్దు ఆకారంలో ఉంటుందని, కొండ తల అని, కాలువలు పేగులని గైడ్లు తెగ చెబుతారు. నాకైతే ఎద్దు కన్నా ఆ నీళ్ల ఏర్పాటే గొప్పగా అనిపిస్తుంది: పడమటి వాగుకి అడ్డుకట్ట వేసి, ఆ నీటిని చిన్న కాలువల్లో ప్రతి ఇంటి గుమ్మం ముందు నుంచీ పారించి, ఊరి మధ్యలో అర్ధచంద్రాకారపు చెరువులోకి, అక్కడి నుంచి 1607లో తవ్విన దక్షిణపు చెరువులోకి, చివరికి పొలాల్లోకి వదిలారు. పొద్దున్నే తాగడానికి నీళ్లు పట్టుకున్నాకే కాలువలో బట్టలు ఉతకాలని నియమం. వంశ పెద్దల మాటకి ఎదురులేదు కాబట్టి అది నడిచింది. అర్ధచంద్ర చెరువు 15వ శతాబ్దం మొదట్లోది. దాన్ని దగ్గరుండి తవ్వించింది పక్క ఊరు షీడీలోని హు వంశం నుంచి వచ్చిన కోడలు, హు చోంగ్ అని ఊరివాళ్లు చెప్పుకుంటారు. మామూలుగా ఆడవాళ్లని రానివ్వని పూర్వీకుల మందిరంలో ఆమె పటం ఉండటం విశేషం.

ప్రశ్న: ఫొటోల్లో ఆ ఇళ్లకి కిటికీలే కనబడవు. గాలి, వెలుతురు ఎలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

మన మండువా లోగిలి గుర్తు తెచ్చుకోండి, అంతే. మధ్యలో పైకప్పు తెరిచి ఉంటుంది, నాలుగు వైపుల నుంచీ వాన లోపలికే పడుతుంది, నీరు డబ్బుతో సమానం కాబట్టి బయటికి పోకూడదని వాళ్ల నమ్మకం. ఇక కిటికీలంటారా, మగవాళ్లు వ్యాపారాలకి వెళ్లిపోయేవాళ్లు, ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు, దొంగల భయం, అందుకే గోడలు ఎత్తుగా, కిటికీలు చిన్నగా పైన. ‘పోయిన జన్మలో పుణ్యం చేయక ఇక్కడ పుట్టాం, పదమూడు పద్నాలుగేళ్లకే బయటికి విసిరేస్తారు’ అని ఆ ప్రాంతంలో ఒక సామెతే ఉంది. మెట్లు మెట్లుగా కప్పు పైకి లేచే పక్కగోడలు మాత్రం నిప్పు పక్కింటికి అంటుకోకుండా.

డబ్బు బయట సంపాదించి ఇల్లు ఇక్కడే కట్టేవాళ్లు. 1855 ప్రాంతంలో ఒక ఉప్పు వ్యాపారి కట్టిన చెంగ్‌జీ భవనంలో చెక్కపని చూడాల్సిందే, అందులో జూదానికి ఒక గది, నల్లమందు తాగడానికి ఇంకో గది!

1950ల నాటి భూసంస్కరణలతో వంశాల ఉమ్మడి పొలాలు పోయాయి, పెద్దల అధికారమూ పోయింది. 2000లో షీడీతో కలిపి యునెస్కో జాబితాలోకి ఎక్కాక టూరిజమే పెద్ద ఆదాయం. వెళ్తే టికెట్ కొనాలి, సెలవుల్లో మాత్రం వెళ్లకండి, చెరువు గట్టు మీద బొమ్మలు గీసుకునే కాలేజీ పిల్లల మధ్య కాలు పెట్టే చోటుండదు.