డబ్బా మీద 1 మిల్లీసెకను, తెర మీద తోకలు

ప్రశ్న: 27 అంగుళాల, 1440పీ, 144 హెర్ట్జ్ వీఏ (ఎల్‌సీడీ ప్యానెళ్లలో ఒక రకం) మానిటర్ కొన్నాను. రెస్పాన్స్ టైమ్ 1 మిల్లీసెకను అని డబ్బా మీద ఉంది. అయినా పేజీ స్క్రోల్ చేస్తుంటే అక్షరాల వెనక నీడ సాగుతోంది. కేబుల్ మాత్రం పాత హెచ్‌డీఎంఐదే. మానిటర్ వెనక్కి ఇచ్చేయాలా?

జవాబు: అప్పుడే వద్దు. అసలు 144లో నడుస్తోందో లేదో ముందు చూడండి. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరకు వెళ్తే రిఫ్రెష్ రేట్, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త ఫ్రేమ్ చూపిస్తోందో, తెలుస్తుంది. కొత్త మానిటర్ తగిలించాక చాలాసార్లు అది 60 దగ్గరే ఉండిపోతుంది. 60లో ఒక్కో ఫ్రేమ్ తెర మీద 16.7 మిల్లీసెకన్లు కదలకుండా నిలుస్తుంది, 144లో 6.9 మాత్రమే. అది నిలిచినంతసేపూ మన కన్ను ముందుకు జరుగుతూనే ఉంటుంది కాబట్టి అక్షరం అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. పిక్సెల్ ఎంత చురుకైనదైనా ఈ మసక పోదు.

జాబితాలో 144 లేకపోతే అనుమానం కేబుల్ మీదకు, పోర్టు మీదకు వెళ్లాలి. హెచ్‌డీఎంఐ 1.4తో 1440పీలో 144 కుదరదు, 2.0 కావాలి. కొన్ని మానిటర్లలో హెచ్‌డీఎంఐ పోర్టుకే తక్కువ పరిమితి ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.2 అయినా ఈ పనికి చాలు, కాబట్టి ఆ కేబుల్ వేయడమే సుఖం. డెస్క్‌టాప్ అయితే కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకు గుచ్చారో లేదో చూసుకోండి.

ఇక ఆ 1 సంగతి. పక్కన చిన్న అక్షరాల్లో ఎంపీఆర్‌టీ (కదిలే బొమ్మ కంటికి ఎంతసేపు మసగ్గా కనిపిస్తుందో చెప్పే కొలత) అని ఉంటే, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య బ్యాక్‌లైట్ ఆర్పి సాధించిన అంకె అది. ఆ మోడ్ వేస్తే వెలుతురు తగ్గుతుంది, చాలా మానిటర్లలో అడాప్టివ్ సింక్ (గ్రాఫిక్స్ కార్డు ఫ్రేములు పంపే వేగానికి తెరను సరిపెట్టే సదుపాయం) కూడా ఆగిపోతుంది. జీటీజీ అని ఉంటే పిక్సెల్ ఒక బూడిద ఛాయ నుంచి ఇంకో ఛాయకు మారే సమయం. సాధారణంగా మొత్తం మార్పును కాకుండా 10 నుంచి 90 శాతం దాకానే కొలుస్తారు, డబ్బా మీద వేసేది అందులో అన్నిటికన్నా మంచి ఫలితం. వీఏ ప్యానెళ్లకు నలుపు నుంచి ముదురు బూడిదకు మారడమే కష్టం, అక్కడ 20 మిల్లీసెకన్లు దాటడం కూడా మామూలే. డార్క్ మోడ్‌లో స్క్రోల్ చేస్తేనే నీడ ఎక్కువైతే అది ఆ ప్యానెల్ స్వభావం. మార్చి ఇచ్చినా ఇంకో వీఏలో అదే తోక.

కొంత తగ్గించుకోవచ్చు. మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్ లేదా రెస్పాన్స్ టైమ్ అనే ఆప్షన్‌ను మధ్య మెట్టులో పెట్టండి. చివరి మెట్టులో పిక్సెల్‌ను ఎక్కువ వోల్టేజితో తోస్తారు, అది గమ్యం దాటిపోయి వెనక్కి వస్తుంది. అప్పుడు నల్ల నీడ పోయి తెల్లటి అంచు వస్తుంది. చాలామందికి ఇదే ఎక్కువ చిరాకు. కదిలే బొమ్మలతో మానిటర్‌ను పరీక్షించే టెస్ట్‌యూఎఫ్‌ఓ సైట్ తెరిచి ఒక్కో మెట్టూ మారుస్తూ పోల్చి చూడండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంది. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి అని రాసి ఉన్న కేబుల్ కొని తిప్పి గుచ్చితే మానిటర్‌కు సిగ్నల్ రావడం లేదు.

జవాబు: ఆ కేబుల్ ఒకవైపే పనిచేస్తుంది. చాలా కంప్యూటర్ల డిస్‌ప్లేపోర్ట్ హెచ్‌డీఎంఐ సిగ్నల్ కూడా ఇవ్వగలదు, హెచ్‌డీఎంఐకి ఆ వెసులుబాటు లేదు. యూఎస్‌బీతో కరెంటు తీసుకునే, హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కు అని స్పష్టంగా రాసి ఉన్న యాక్టివ్ కన్వర్టర్ కావాలి. మానిటర్‌కు హెచ్‌డీఎంఐ పోర్టు కూడా ఉంటే ఇదేమీ కొనకండి, మామూలు కేబుల్ చాలు.