ముందు మోకాలి ఎత్తున చూడు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

పాలకొల్లు నుంచి మావయ్య ఆశీస్సులు. గోడౌన్ ఇన్‌చార్జిగా చేరానని నువ్వు పంపిన ఫోటోని మీ అత్తయ్య ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపిస్తోంది. నేనూ చూశాను. నీ మొహం చూశాక నా కళ్లు నీ భుజం వెనకున్న ర్యాక్ మీదకి పోయాయి. రెండో అరలో బీమ్, అంటే అరని మోసే అడ్డ దూలం, కుడి కొసన ఉండాల్సిన లాక్ పిన్ లేదు, ఖాళీ చిల్లు కనిపిస్తోంది. ఉత్తరం పక్కన పెట్టి ముందు అది చూసి రా.

చూశావా? ఆ పిన్ వేలెడంత ఇనప ముక్కే. కానీ ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వచ్చేటప్పుడు పై బీమ్‌ని కింద నుంచి కాస్త ఎత్తిందనుకో, బీమ్ కొసల కొక్కేలు ర్యాక్ నిలువు కాలి చిల్లుల్లోంచి ఊడిపోకుండా ఆపేది అదే. పిన్ పోతే మన ముఠావాళ్లు బైండింగ్ వైరో మేకో దూర్చేస్తారు. ఒప్పుకోకు. ర్యాక్ చేసిన కంపెనీ పిన్నులే ఒక డబ్బా తెప్పించి నీ టేబుల్ సొరుగులో ఉంచుకో.

రొయ్యల మేత బస్తా 25 కిలోలు. పాలెట్, అంటే బస్తాలు పేర్చే పలక, మీద 40 బస్తాలంటే టన్ను. అరకి రెండు పాలెట్ల లెక్కన మూడు అరలకి ఆరు టన్నులు. అంత బరువూ నిలబడేది పల్చటి రేకుని మడిచి చేసిన కాళ్ల మీద. ఆ కాలు నిటారుగా ఉన్నంతసేపూ మోస్తుంది, కొద్దిగా మడత పడిందా దాని బలం సగానికి సగం పోయినా ఆశ్చర్యం లేదు. అందుకే గోడౌన్‌లోకి వెళ్లగానే పైకి చూడకు. మోకాలి ఎత్తున చూడు. ఫోర్క్‌లిఫ్ట్ తగిలేది అక్కడే, ముఖ్యంగా వరుస చివరి కాళ్లకీ, మలుపుల దగ్గర కాళ్లకీ.

కంటితో చూస్తే సరిపోదు. మీటరు పొడవున్న తిన్నటి అల్యూమినియం బద్ద ఒకటి కొనుక్కో. వంపు మధ్యలోకి వచ్చేలా కాలికి ఆనించి, సందుని స్టీలు స్కేలుతో కొలువు. ఎదురుగా గుద్దుకుని కాలు లోపలికి, అంటే అడ్డ కమ్మీలు ఉన్న వైపుకి వంగితే 3 మిల్లీమీటర్లు దాటకూడదు. బీమ్‌లు సాగే వైపుకి, అంటే పక్కకి వంగితే 5 దాటకూడదు. అడ్డ కమ్మీ వంగితే 10. ఇవి యూరప్ వాళ్ల ఈఎన్ 15635 ప్రమాణంలోని లెక్కలు. ఆ హద్దు దాటితే పసుపు గుర్తు పెట్టు: ఉన్న సరుకు దించాక మళ్లీ ఎక్కించకూడదు, నాలుగు వారాల్లో బాగు చేయించాలి. హద్దుకి రెట్టింపు దాటితే ఎర్ర గుర్తు: అప్పటికప్పుడు సరుకు దించాలి, మనుషుల్ని అటు రానివ్వకుండా తాడు కట్టాలి. ఒక్కటి మర్చిపోకు. ఒక కాలు రెండు వైపుల గళ్లనీ, అంటే అటూ ఇటూ ఉన్న అరల వరుసల్నీ, మోస్తుంది. చాలామంది దెబ్బ కనిపించిన వైపే ఖాళీ చేసి ఊరుకుంటారు. రెండు గళ్లూ ఖాళీ చేయించు, పై అర నుంచి కిందకి.

వంగిన కాలిని సుత్తితో కొట్టి సరిచేస్తామనీ, వెల్డింగ్ పెడతామనీ వస్తారు. వద్దను. మడత పడ్డ రేకు తిన్నగా కనిపించినంత మాత్రాన పాత బలం తిరిగి రాదు, వెల్డింగ్ వేడికి ఇంకా చెడుతుంది. కాలు మార్చాల్సిందే.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. నేను పనిచేసిన ఒక గోడౌన్‌లో డ్రైవర్ ఒకడు కాలికి గుద్ది, తనే వచ్చి చెప్పాడు. అందరి ముందూ తిట్టి, జీతంలో కోత వేయించాను. క్రమశిక్షణ అనుకున్నాను. ఆ తర్వాత ఆరు నెలలు ఒక్క దెబ్బ కూడా నా దాకా రాలేదు. సంతోషించాను కూడా. ఒక రోజు మధ్యాహ్నం మూడో వరుసలో నడుస్తుంటే అన్ని కాళ్లమీదా మేత దుమ్ము పేరుకుని ఉంది, ఒక్క కాలి అడుగున మాత్రం కొత్తగా పూసిన పసుపు రంగు తళతళలాడుతోంది. బొటనవేలు పెట్టి తడిమాను. రంగు కింద మడత గోరుకి తగిలింది. స్కేలు పెడితే 11 మిల్లీమీటర్లు. పైన మేత నిండుగా ఉంది, అవతల పక్క ముఠా కుర్రాళ్లు నలుగురు కూర్చుని అన్నం తింటున్నారు. వాళ్లని లేపి బయటికి పంపేసరికి నా చొక్కా తడిసిపోయింది. ఆ రంగు వేయించింది నా కోపమే.

దెబ్బ తగిలిన రోజే ర్యాక్ పడిపోవాలని లేదు. నెలల తరవాత, నిండు సరుకు ఎక్కించిన రోజు పడొచ్చు. అందుకని చెప్పినవాడిని తిట్టకు, కోత వేయకు. చెప్పినందుకు థాంక్స్ చెప్పి, వాడి ముందే కొలిచి రిజిస్టర్‌లో రాయి. ఏ కాలో తెలిసేలా ప్రతి కాలికీ నంబర్ వేయించు. వారానికోసారి నువ్వే తిరుగు, ఏడాదికోసారి ర్యాక్‌ల సంగతి తెలిసిన ఇంజనీర్ చేత చూపించు.

బీమ్ కొంచెం కిందకి వంగడం మామూలే. 2,700 మిల్లీమీటర్ల బీమ్‌కి నిండు బరువుతో 13 మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదు. బరువు దించాక కూడా వంపు కనిపిస్తూ ఉంటే మాత్రం పక్కన పెట్టించు. కొక్కేల దగ్గర టార్చి వేసి చూడు, పెయింట్ మీద వెంట్రుకంత తుప్పు గీత కనిపిస్తే వెల్డింగ్ చిట్లిందేమో అనుమానించు.

మన వైపు ఇంకో బెడద నేల. మీ గోడౌన్ పూడ్చిన చెరువు మీద కట్టారని మీ నాన్న చెప్పాడు. గోదావరి ఒండ్రు మట్టి ఒక్కో చోట ఒక్కోలా కుంగుతుంది. మేస్త్రీల నీళ్ల ట్యూబుతో కాళ్ల అడుగున మట్టం చూసి రాసిపెట్టుకో, వానలు వెళ్లాక మళ్లీ చూడు. గుండు-దారం వేలాడదీస్తే ర్యాక్ ఒరిగిందో లేదో తెలుస్తుంది. బేస్ ప్లేట్ల బోల్టులన్నీ ఉన్నాయో లేదో చెయ్యి పెట్టి చూడు. ఉప్పుగాలికీ, తుపాను నీళ్లకీ ప్లేటు కింద తుప్పు పడుతుంది, పైనుంచి కనిపించదు.

ఎత్తైన సరుకు వచ్చిందని ఎవరైనా కింది బీమ్ తీసేయమంటే ఒప్పుకోకు. పొట్టి వెదురు కన్నా పొడుగు వెదురు తేలిగ్గా ఒంగుతుంది కదా, మధ్యలో పట్టు లేకపోతే కాలూ అంతే. కంపెనీవాళ్లని అడిగి, ర్యాక్ బోర్డు మీద మోయదగ్గ బరువు మార్చి రాయించాకే బీమ్ కదపాలి.

ఆదివారం ఉదయం భీమవరం బస్సెక్కుతున్నాను. బద్ద నా దగ్గర ఉంది, ఒక నిచ్చెన సిద్ధంగా ఉంచు. పిన్ సంగతి మాత్రం అప్పటిదాకా ఆపకు, పెట్టించాక ఫోటో పంపు.

మావయ్య